మొదటి వాయి

లీలామహల్ దగ్గర షాపులో
రాగిపిండికి కూడా సర్టిఫికెట్టుంది.
పచ్చ ముద్ర, గోధుమ కంకి మీద అడ్డగీత,
అరకిలో రెండొందల పది.
మా అవ్వ చూసుంటే
"రాగుల్లో గోధుమ లేదని రాసిచ్చేదానికి దుడ్డా?" అని
నోట్లో ఆకు ఉమ్మేసి మరీ నవ్వుండేది.

నాకు నవ్వు రాలేదు.
ఎనిమిదేళ్ల లిఖిత, పదహారు కిలోలు.
గోధుమ మానిపించి ఆరు నెలలైనా
కడుపుబ్బు తగ్గలేదు.
డాక్టరమ్మ మా వంటిల్లంతా సోదా చేసింది కుర్చీలో కూచునే.
సేమ్యా లేదు మేడమ్, బిస్కెట్టు లేదు, పూరీ ఊసే లేదు.
"చారులో ఇంగువ?"
ఇంటికొచ్చి డబ్బా తిప్పితే
చీమకాళ్లంత అక్షరాల్లో గోధుమపిండి.
"రాగులు ఎక్కడ పట్టిస్తారు?"

కొర్లగుంటలో, దస్తగిరి మరలో.
ఒకటే రాయి.
ముందు ఎవరివో గోధుమలు, వెనక మా రాగులు,
నడుమ ఊపిరంత పిండి.
కంటికి ఆనదు, బిడ్డ పేగుకు ఆనుతుంది.

జాకెట్టు కుడితే నూట ఎనభై నాకు.
నెలకు పన్నెండు ప్యాకెట్లు,
అంటే పద్నాలుగు జాకెట్లు
చేతులు, మెడలు, హుక్కులతో సహా
సంగటి కుండలో ఉడికిపోతాయి.
ప్యాకెట్టులో రాగులకు ముప్పై,
తక్కిన నూట ఎనభై నా నిద్రకు.

ఆషాఢంలో కుట్టు రాలేదు.
ఆరు కిలోల రాగులు మూటగట్టుకొని
దస్తగిరి దగ్గరికే పోయినాను, అంతా చెప్పినాను.
"నా మరలో పట్టించుకొని ఎవరూ చావలేదే మా" అన్నాడు.
కాసేపు రాయినే చూసినాడు.
"సోమారం మర ఉండదు. ఆ పొద్దు విప్పి కడుగుతా.
మంగళారం ఐదుకు రా, మొదటి వాయి నీది.
కిలోకు పదిహేను ఎక్కువవుతుంది,
రాయి దించేదానికి మనిషి కూలి."

కొత్తిమీర కట్ట దగ్గర రూపాయికి గొంతు చించుకునేదాన్ని
బేరమాడలేదు.

మంగళవారం చీకట్లో
నా రాగుల్లో నుంచే రెండు పిడికెళ్లు ముందు పోసి,
వచ్చిన పిండి కోళ్లకు చల్లుతాడు.
"రాయి నోరు పుక్కిలించినట్టు" అంటాడు.
సంచి మీద సుద్దముక్కతో 'పాప' అని రాస్తాడు.
ముద్ర అంతే.

లిఖిత ఇప్పుడు ఊరిబిండి నంజుకుంటా
రెండో ముద్ద అడుగుతోంది.

అయినా
పరీక్షల వారం మాత్రం ప్యాకెట్టే కొంటాను.
ఖాళీ కవరు నాలుగు మడతలు పెట్టి
మిషను సొరుగులో అడుగున దాస్తాను.
దస్తగిరి కూతురు
జాకెట్టు కొలతలకు ఎప్పుడైనా రావచ్చు.