అడుగు దూలం

ఆదివారం కూటం ముగిశాక
కోట్లు తగిలించే చోట, తడి ఉన్ని వాసనలో,
సంఘపెద్ద యెగ్వాన్
నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.
"రన్వా, ప్రభువు నాతో మాట్లాడాడు.
మీ నాన్న పడవ అమ్మెయ్యమన్నాడు. ఈ నెలలోనే."

నెల కూడా ప్రభువే చెప్పాడా అని అడగబోయాను.
అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నిజంగానే.
అబద్ధమాడేవాడి కళ్ళు అలా ఉండవు.
భయమేసింది అందుకే.

మా ఫారో దీవుల్లో
పొగమంచుకి తలుపు తట్టే అలవాటు లేదు.
కొండ దిగి, ఇళ్ళ కప్పుల మీది గడ్డిని తుడిచేసి,
నాతోపాటే ఇంట్లోకి వచ్చింది.
కోటు విప్పకుండా లెక్క వేసుకున్నాను:
పడవ కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నది
యెగ్వాన్ బావమరిది ట్రోందుర్.
అంతమాత్రాన అది దేవుడి మాట కాకుండా పోతుందా?
గాడిద నోట పలికించినవాడు
బావమరిది ఉన్నవాడి నోట పలికించలేడా?

రాత్రంతా మోకాళ్ళ మీదే ఉన్నాను.
తెల్లారగట్ల నాకూ ఒక గొంతు వినిపించింది:
"అమ్మకు. అది మీ నాన్న."
ఎంత తియ్యగా ఉందో ఆ గొంతు!
ఎంత అచ్చం నా గొంతులా ఉందో!
నా మొండితనమే ప్రభువు అంగీ తొడుక్కుని
మంచం పక్కన నిలబడింది.
కొలత సరిపోక
భుజాల మీంచి జారిపోతోంది అంగీ.

మంగళవారం యెగ్వాన్‌ని అడిగాను:
"కొన్నాళ్ళు ఆగనా?"
"దేవుడు చెప్పాక ఆగడమేమిటి?" అన్నాడు
బూటు తాడు బిగించి లాగుతూ.

పద్నాలుగేళ్ళుగా చేపల ఫ్యాక్టరీలో పని నాది.
తొందరపెట్టి అంటగట్టేది ఎప్పుడూ నిన్నటి చేపనే.
తాజాది బల్ల మీద ఊరికే పడుకుని ఉంటుంది,
ఎవరినీ పిలవదు,
మొప్ప ఎత్తి చూసుకోనిస్తుంది.
దేవుడి మాట మాత్రం
మొప్ప ఎత్తనివ్వదా?

గురువారం మార్యున్ వచ్చింది.
డెబ్బై తొమ్మిదేళ్ళు. సంచీలో బంగాళాదుంపలు.
కూటంలో ఆడవాళ్ళం మాట్లాడం,
మార్యున్ బయట కూడా మాట్లాడదు.
ఆమెకి దర్శనాలు రావు, వచ్చినా చెప్పదు.
నా వంటింట్లో కూర్చుని దుంపలు చెక్కుతూ చెక్కుతూ అంది:
"నిన్న మీ పడవ షెడ్డు పక్కనుంచి వచ్చాను.
ఆ అడుగు దూలం వాలకం నాకు నచ్చలేదు.
అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం.
పిల్లాణ్ణి మాత్రం అందులో ఎక్కించకు."
అంతే. ప్రభువు పేరు ఎత్తలేదు.
తొక్కలు కోళ్ళకి వెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

నాన్న కత్తి తీసుకుని షెడ్డుకి వెళ్ళాను.
రంగు నిగనిగలాడుతోంది.
కిందటేడు నేనే వేశాను, రెండు పూతలు,
ఆయన పోయిన వారానికి, ఏడుస్తూ.
దూలానికి మొన ఆనించాను.
ఉడికిన దుంపలోకి దిగినట్టు
పిడి దాకా దిగింది.

చాలాసేపు అక్కడే నేలమీద కూర్చున్నాను.
యెగ్వాన్ అమ్మమన్నాడు. అమ్మితే ట్రోందుర్ మునిగేవాడు.
నా గొంతు ఉంచుకోమంది. ఉంచుకుంటే, నా కొడుకు.
రెండు మాటల కిందా దేవుడి సంతకమే ఉంది.
సంతకం లేని మాటొక్కటే
మా వాళ్ళనిద్దరినీ ఒడ్డున నిలిపింది.

మళ్ళీ ఆదివారం, మళ్ళీ ఆ కోట్ల దగ్గరే,
"పడవ ఎవరికీ అమ్మను. దూలం కుళ్ళింది" అన్నాను.
"ఎవరు చెప్పారు?"
"కత్తి."
టోపీ చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు,
జవాబు దాని అంచులో ఎక్కడో కుట్టి ఉన్నట్టు.

ఆ శనివారం పిలవకుండానే వచ్చాడు, రంపంతో.
ఇద్దరం కలిసి పడవని కోశాం.
తడి కొయ్య సరిగ్గా మండలేదు, పొగ పెట్టింది.
కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు:
"ఆ రోజు నాకు నిజంగానే వినిపించింది, రన్వా."
"నాకూ వినిపించింది" అన్నాను,
రంపం రెండో కొస పట్టుకుంటూ.