కూడిక గుర్తు

ఎన్నికల కోడ్ వచ్చిన మూడోరోజు
ఎచ్చెర్ల ఆయుధాగారంలో బల్ల మీద
లైసెన్సు తుపాకులు చీటీలు కట్టుకుని పడుకున్నాయి.
రసీదు పుస్తకం నాది.
నూనెగుడ్డ, భూతద్దం బరాటం అసిరినాయుడు గారివి.

పలాస జీడిపప్పు వ్యాపారి తంగుడు లోకనాథం
తండ్రి రివాల్వర్ని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.
గొట్టం మీద నీలిరంగు
కళాయి పోయిన గిన్నెలా మచ్చలు మచ్చలు.
పక్కనే కొత్త తూటాల పెట్టె,
పెళ్లిలో పిన్నిగారి గాజుల్లా మెరుస్తూ.

"సరిగ్గా పడతాయండి.
ఆరుకి ఆరూ సర్రున దిగాయి."

అసిరినాయుడు గారు ఒకదాన్ని బోర్లించి
భూతద్దం నాకిచ్చారు: "సదువు, గుంటా."
ఇత్తడి అడుగున ముప్పై ఎనిమిది, స్పెషల్,
ఆ తరవాత చీమ తలకాయంత కూడిక గుర్తు,
దాన్ని ఆనుకుని పి.

"కూడికంటే ఎక్కువే కదా" లోకనాథం నవ్వాడు.
"ఎక్కువైతే నష్టమేముంది?"

"పిక్కలు ఉడకబెట్టే బాయిలరుంది కదా బాబూ నీకు,
ముల్లు ఎర్రగీత దాటితే ఏటి సేస్తావు?"
"మంట తీయిస్తాను. ఆడోళ్లని బయటికి పంపుతాను."
"దీనికి ముల్లు నేదు, గీత నేదు.
లోపల ఎంత ఒత్తిడో సెప్పేది ఆ గుర్తొక్కటే.
అది కూడా తూటా ముడ్డి మీద
నువ్వు సూడని సోట."

మాగ్నమ్ సంగతి వేరంట.
దాన్ని పుట్టించినవాళ్లు
సగం బియ్యపుగింజంత పొడవు పెంచారు,
పాత రివాల్వర్లో పెడితే చక్రం మూతపడకుండా.
ఆ సగం గింజే తాళం.
మాగ్నమ్‌కి చేసిన రివాల్వరు
ఈ చిన్నవాటిని తిని అరాయించుకుంటుంది;
తిరగేస్తే కుదరదు.
కూడిక గుర్తు తూటాకి మాత్రం
అదే పొడవు, అదే లావు, అదే ముఖం.
ఏ తలుపూ దాన్ని ఆపదు.

"పట్టడం ఏరు బాబూ, తట్టుకోడం ఏరు.
తట్టుకుంటాదని కంపెనీవోడు రాసిచ్చుండాలి.
కాయితం నేదా, మామూలు తూటా.
అనుమానముందా, అదీ వొద్దు."

సొరుగులోంచి ఒక ఇనపముక్క తీశారు.
ఒకప్పుడు ఆరు గదుల చక్రం.
మూడు గదులు లేవు,
కొరికి పారేసిన జామకాయ.
మిగిలిన మూడింటిలో పెన్నులు పెట్టుకుంటారు:
నలుపు, నీలం, ఎరుపు.
ఎవరిదండీ అన్నాడు లోకనాథం.
రెండేళ్లుగా నేనూ అడుగుతున్నాను.

అప్పుడు తండ్రి రివాల్వర్ని చెవి దగ్గర పెట్టుకుని
చక్రాన్ని బొటనవేలితో కదిపారు.
ఫ్యాను ఆపమన్నారు.
మళ్లీ కదిపారు.
టిక్కు.
పాలపన్ను ఊడేముందు నాలుకకి తగిలేంత వదులు.

నేను తూటాలు లెక్కపెట్టాను, రసీదు కోసం.
పెట్టె మీద యాభై.
లోపల నలభై నాలుగు.
రెండోసారి లెక్కపెట్టాను.

"ఆరూ?"
లోకనాథం తువ్వాలు మడిచాడు. విప్పాడు.
"మొన్న... అక్కుపల్లి ఒడ్డున, సముద్రంలోకి.
ఎవరూ లేరండీ చుట్టూ.
చెయ్యి రెండ్రోజులు జిల్లుమంది, అంతే.
ఏమీ కాలేదు కదా."

అసిరినాయుడు గారు తిట్టలేదు.
తిడతారనే నేను తలొంచుకున్నాను.
"ఇనుము కేకెయ్యదు బాబూ,
రాసుకుంటాది" అన్నారు చివరికి,
రివాల్వర్ని పసిపిల్లాడి తలని దించినట్టు
బల్ల మీదకి దించుతూ.
"ఎంతకాడికి రాసుకుందో
నీకూ తెల్దు, నాకూ తెల్దు."

పగిలిన చక్రంలోంచి ఎర్రపెన్ను తీసి
చీటీ మీద రాశారు: పేల్చరాదు.
దారంతో పిడికి కట్టారు. ముడి మీద ముడి.

నేను రాశాను:
రివాల్వరు ఒకటి. తూటాలు నలభై నాలుగు.

గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టబోయి
లోకనాథం ఆగిపోయాడు.
సెంట్రీ పెన్ను లేదేమో అనుకుని తనది ఇచ్చాడు.
పెన్ను ఉంది.
అతను తన కుడిచేతిని చూసుకుంటున్నాడు,
అటూ ఇటూ తిప్పి,
వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి, తెరిచి.