జానెడు దూరం

మా తాత మొదటిసారి చచ్చిపోయినప్పుడు
మా అవ్వకు ఆయనెవరో తెలీదు.

తైపేలో కిటికీల్లేని గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు.
తెర మీద ఎవడో బక్కపల్చటి దొంగ
కొండమెట్ల మీంచి దొర్లుకుంటూ వస్తున్నాడు.
"మెడ" అన్నాడు సౌండు మేస్త్రీ.
అవ్వ ఆవకూర కాడల కట్ట అందుకుని
పటుక్కున విరిచింది.
"మనువు కంటే ముందు
మెడ కుదిరింది మాకు" అంటుంది ఇప్పటికీ.

ఇవాళ మియావోలిలో
మూతబడ్డ సినిమా హాలుని ఒక్క రాత్రికి తెరిచారు.
రేకుల మీద వాన. రీలు మీద ఇంకో వాన.
పదకొండు మందిమి, ఎవరిదో కుక్క.

మింగు వంశం నాటి కథట.
కోట బురుజు వెనక కరెంటు స్తంభం నిలబడి ఉంది.
లోకాన్ని వదిలేసిన సన్యాసి ముంజేతి మీద
గడియారం విప్పిన తెల్లటి మచ్చ.
ఉత్తరాన మంచు ఎడారీ, దక్షిణాన దొంగల కోనా
రెండూ మా ఊరి కంకర క్వారీయే,
కెమెరా ఇటు తిప్పితే ఒక రాజ్యం, అటు తిప్పితే ఇంకోటి.
విలన్ గడ్డం సగం ఊడి వేలాడుతుంటే
హీరో పెద్దమనిషిలా చూడనట్టు ఊరుకున్నాడు.

నవ్వుతాం.
ఒక్కళ్లం కూడా లేచి పోం.

పిడికిలి రొమ్ముకి జానెడు దూరంలో ఆగిపోతుంది.
గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది ఆ ఖాళీ.
అయినా మా తాత మూడు గజాలు ఎగిరి పడతాడు.
ఆ జానెడులో కూర్చుని మా అవ్వ
వెదురు చాపని పాత చెప్పుతో బాదుతోంది.

"తగిలిన దెబ్బకి ఎవడైనా పడతాడు,
తగలని దెబ్బకి పడి చూడు" అనేవాడాయన.
రోజుకి కూలి, చావుకి పైన ఇంత,
నీళ్లలో చస్తే రెట్టింపు.
మా నాన్న చదువంతా నీళ్లలోనే సాగింది.

ఆ రోజుల్లో షూటింగులో మాట పట్టే యంత్రం లేదు,
పెదాలు ఆడితే చాలు.
గొంతు తర్వాత ఎవడో అరువిచ్చేవాడు,
రాజధానిలో చదువుకున్న గొంతు:
"ప్రభూ! తమ గురువర్యుల రక్తం ఈ చేతులకే అంటింది!"
అవ్వ నా చెవిలో, మా హక్కా భాషలో:
"కాదు. నా అన్నం డబ్బా ఎవడు తిన్నాడ్రా, అంటున్నాడు."
"ప్రాణభిక్ష పెట్టండి!"
"అదీ కాదు. అంకెలు. పదిహేడు, పద్దెనిమిది."

బల్లెం దిగింది. తాత పోయాడు.
నాలుగు నిమిషాలకి మీసం తగిలించుకుని
అవతలి పక్షాన కత్తి దూసుకుంటూ వచ్చాడు.
"లేచాడు!" అని ముందు వరసలో పిల్లాడొకడు అరిచాడు,
వాడికి ఇదంతా మామూలే అన్నట్టు
కుక్క తోక ఆడించింది.

ఆరేళ్ల కిందట ఆస్పత్రిలో
తాత ఒక్కసారే పోయాడు.
ఏ చప్పుడూ లేదు.
అవ్వ చేతులు మాత్రం ఒడిలో ఉన్న సంచీలో
దేనికోసమో కాసేపు వెతికాయి.

ఆఖరి పోరు.
తాత నాలుగోసారి క్వారీ బురదలో పడ్డాడు.
హీరో చట్రం దాటి వెళ్లిపోయాడు,
కెమెరా పొరపాటున తాత మీదే ఉండిపోయింది.
పెదాలు ఆడాయి.
ఈసారి గొంతు పెట్టడం అందరూ మర్చిపోయారు.
రేకుల మీద వాన ఒక్కటే.

"ఏమంటున్నాడవ్వా?"

తెర మీద వెలుగు పూర్తిగా చచ్చేదాకా చూసి
"నీకెందుకే" అంది,
సంచీ ముడి విప్పి
మళ్లీ వేసుకుంటూ.