నవ్వితే గాలి పోతది

దేవరకొండ డిపోల నాకు బుధవారం ఆఫ్.
బుధవారం పొద్దుగూకంగ
బ్యాండు ఆఫీసు ఎనుక, రేకుల రూముల,
మౌలాలి మాస్టర్ ముందట కూసుంట.
గోడకు ఎర్రకోట్లు,
భుజాల కుచ్చులు రాలినవి రాలినట్టే.
డీజే బండ్లు వచ్చినంక
ఆ జేబులల్ల బల్లులు గుడ్లు పెడుతున్నయి.

నలభై ఏండ్లకు ఇదేం పిచ్చి అని మా ఆయన అనలే,
మా డ్రైవర్ అన్నడు.
ఏం చెప్పను?
పదిహేడేండ్ల సంది నా నోట్ల విజిల్ ఉన్నది.
దానికి ఒక్కటే సప్పుడు.
ఒక ఊదుకు ఆగు, రెండు ఊదులకు పో.

మొదటి దినం రీడు చేతిల పెట్టిండు.
గడ్డి గాదు, వెదురు గాదు, నడిమిట్ల జాతి,
గోరంత పలుచగ గీకి ఉన్నది.
"నోట్లనే నానబెట్టు బిడ్డా, బోరు నీళ్ళల్ల ముంచకు.
సున్నం పట్టి మూగదయితది.
మనకు పట్టింది సాలదా?"

"పై పండ్లు ఆనియ్యి" అన్నడు.
నేను నోరు తెరువలే.
మర్రిగూడ దిక్కు పుట్టినదాన్ని.
పసుపు చారలు, గోధుమ మచ్చలు, పెచ్చులూడిన అంచులు,
మా నీళ్ళు తాగినోళ్ళకు చెప్పే పని లేదు.
పెండ్లి ఫోటోల గూడ మూతి బిగబట్టుకొనే ఉన్న.
బస్సుల ఎవడన్న నవ్విపిస్తే
ఎడమచెయ్యి దానంతట అదే లేసి
నోటికి అడ్డమొస్తది.

మాస్టర్ కొంచెంసేపు చూసి
తన పెదవి పైకెత్తి సూపెట్టిండు.
అవే చారలు.
ఒక్క బాయి కొట్టిన ముద్ర.
ఏ ఊరని ఇద్దరం అడగలే.

"నవ్వద్దు. నవ్వితే పక్కలకు గాలి పోతది."
నవ్వకుండ ఉండుడు నాకు నేర్పుతవా సార్,
గంత సదువు బడికి పోకముందే అయిపోయింది.

మూడు వారాలు బాతు అరిసింది.
నాలుగో వారం మేకపిల్ల.
రెండు నెలలకు ఒక పొద్దు
వంకర లేకుండ, పొడుగ్గ, ఒక 'స' వచ్చింది.
పక్క కటింగ్ షాపుల కత్తెర ఆగింది.
ఆగిందనే అనుకుంటున్న.

మొన్న అడిగిన,
మీరు ఊదంగ ఒక్కసారన్న వినాలె సార్ అని.
కుడిచెయ్యి ముందటికి చాపిండు.
ఉంగరం వేలు వంగదు, చిటికెన వేలు అందదు.
మెడ గూడ తిరగదు, ఎవరన్న పిలిస్తే మనిషంత తిరుగుతడు.
"ఈ బొక్కలు బిగుసుకపోయినంక
ఆ బొక్కలు మూతవడుతలేవు.
పై సగం పాట ఉన్నది నా దగ్గర.
కింది సగం లేదు."

మా దిక్కు ఎముక గూడ బొక్కనే, తూటు గూడ బొక్కనే.
ఒక్క మాటల రెండు దుఃఖాలు పట్టినయి.

స్టూలు జరుపుకొని పక్కకు కూసున్న.
పైన ఆయన ఎడమచెయ్యి, కింద నా కుడిచెయ్యి.
ఊపిరి ఆయనది.
ఏ వేలు ఎప్పుడు మూయాల్నో
మోకాలుతోని నా మోకాలు తట్టి చెప్పిండు.
బిడ్డ కారెక్కేటప్పుడు ఊదే పాట అది,
మెల్లగ కిందికి దిగుతది, దిగుతది,
సార్ దిగక ఎన్నేండ్లయిందో ఆడిదాక
ఇద్దరం దిగినం.
ఆఖరి మెట్టు మీద
సార్ నవ్విండు.
గాలంత పోయింది.
నల్ల గొట్టం తుస్సుమన్నది.

నేను గూడ నవ్విన. చెయ్యి ఖాళీ లేదు మరి,
కింది బొక్కల మీద ఉండె.

ఫీజు ఐదువందలిస్తే
యాభై వాపసు ఇచ్చిండు, కింది సగం కూలి అని.
ఆ నోటు చినిగి ఉన్నది. ఏ ప్యాసింజరూ తీసుకోడు.
సంచిల దాసిన.

బేస్తవారం ఫస్ట్ బస్సు.
నాంపల్లి కాడ ఒక ముసలమ్మ
కోడిపుంజుకు హాఫ్ టికెట్ అడిగింది.
బస్సంత నవ్వు.
నా ఎడమచెయ్యి లేసింది,
నోటిదాక రాలే.
సీటు రాడ్డు మీద ఆగి
వేళ్ళు ఒక్కొక్కటి మూసుకుంటున్నయి, తెరుసుకుంటున్నయి.

డ్రైవర్ అద్దంలకెళ్ళి చూస్తున్నడు.
విజిల్ ఊదుదామంటే
మూతి కుదురుతలేదు.