కావాల్నే

గ్రీమ్స్‌పేట మున్సిపల్ స్కూల్లో
అయిదో తరగతి హాజరుపట్టీలో పదమూడో పేరు
ఢిల్లీబాబు.
ఢిల్లీ కాదుగదా, తిరుత్తణి కూడా చూళ్లేదు వాడు.
ఎవడి భుజం తగిలినా
నోట్లో ఒకటే మాట సిద్ధంగా ఉంటుంది
"కావాల్నే నూకినాడు మేడమ్."

మాటకంటే ముందు చెయ్యి.

ఆ మంగళవారం రాగిజావ వరసలో
ఇంతియాజ్ తగిలాడు. జావ ఒలికింది.
ఖాళీ అయిన స్టీలు గ్లాసు అంచుకు
ఇంతియాజ్ కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి.
హెడ్మాస్టరు టీసీ పుస్తకం బయటికి తీసి
నా వైపు చూశాడు.
ఒక్క నెల అడిగాను.
ఏం చెయ్యడానికో అప్పటికి నాకే తెలీదు.

అప్పట్నుంచి చివరి పీరియడ్లో ఓ ఆట.
బల్ల మీద చింతగింజల డబ్బా.
"ఒకడు నీకు తగిలాడు. ఎందుకై ఉండొచ్చు?"
కారణానికో గింజ.
నేల తడిగా ఉండిందేమో మేడమ్.
చెప్పు తెగిందేమో.
ఎనకనించి ఎవురన్నా తోసినారేమో.
వానికి కండ్లు కనపడవేమో, నా మాదిరి (ఇది కళ్లద్దాల నదియా).
అందరి జేబుల్లో గింజలు గలగల.
ఢిల్లీబాబు జేబు మాట్లాడదు.

తొమ్మిదో రోజు లేచి నిలబడ్డాడు.
"చెయ్యి జారిందేమో."
డబ్బాలోంచి గింజ తీశాను వాడి కోసం.
"మా నాయన గూడా అట్లే అంటాడు మేడమ్,
మాయమ్మకు తగిలినప్పుడంతా."

గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీ ఒకటి
కిటికీలోంచి తోతాపురి వాసన విసిరిపోయింది.
ఆ గింజ ఇవ్వాలో వద్దో
బీయీడీలో ఎవరూ చెప్పలేదు.
గుప్పిట్లోనే ఉండిపోయింది, వేడెక్కి.

మర్నాడు వాళ్లమ్మ షిఫ్టు దిగి వచ్చింది.
మామిడి సొనకు వేళ్ల సందుల్లో తోలు లేచింది.
"మంచోడే మేడమ్, కోపమే వానికంటే ముందర పుట్టింది"
అంటూ కొంగు మణికట్టు మీదికి లాక్కుంది.
ఆ తర్వాత మేం మాట్లాడుకున్నది
ఇక్కడ రాయను.

నెల నిండటానికి ఇంకా రెండ్రోజులు.
కొళాయి దగ్గర మళ్లీ ఇంతియాజ్ భుజం.
నేను వరండా ఆ చివర, పరిగెత్తినా అందనంత దూరం.
పిడికిలి లేచింది.
పైనే ఆగి, వణికింది.
"ఏమిరా," అన్నాడు ఢిల్లీబాబు,
"కావాల్నేనా?"

అడిగాడు. అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు.

ఇంతియాజ్ కనుబొమ్మ మీద గీత గోక్కుని
నిజం చెప్పాడు:
"కొంచిం కావాల్నే."

ముందు ఎవడు నవ్వాడో నాకు వినపడలేదు.
కొళాయి కట్టాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు,
నీళ్లు వరండా మెట్టు దాకా వచ్చాయి.