టైరు అతికేలోగా

సోరెల్ గల్చ్ పొలిమేరలో మేకు దిగి
టైరు ఉస్సురంది.
"రెండు గంటలు పడుతుంది" అన్నాడు మెకానిక్ ఆర్విల్.
"ఊళ్ళో ఏముంది చూడ్డానికి,
ఒక బారు, మూతబడ్డ బ్యాంకు.
కొండెక్కండి. జనాభా అంతా అక్కడే ఉంది."

నిజమే.
కింద నూటపన్నెండు మంది,
పైన తొమ్మిది వందల చిల్లర.
నెవాడా గాలి నోట్లో ఇసుక కొడుతోంది.
దారి పక్క సేజ్ ఆకు తుంచి నలిపితే
జ్వరం పడ్డ ఇంట్లో కషాయం కాగుతున్న వాసన.

వెండి కోసం సముద్రాలు దాటొచ్చినవాళ్ళు.
బతికినన్నాళ్ళూ కొండ కడుపులో పాకారు.
చచ్చాక కొండ భుజమెక్కి కూర్చున్నారు,
ఎదురుగా ఇంత ఆకాశం,
కళ్ళ మీద మట్టి.

రాతికి డబ్బుల్లేనివాళ్ళకి దేవదారు పలకలు.
రాసిన తెల్లరంగు ఎప్పుడో రాలిపోయింది.
అయితే నూరేళ్ళ ఇసుకగాలి
రంగు లేని చెక్కనే కొరికి తిన్నది,
రంగు కింద దాక్కున్న చెక్క
అక్షరాలై ఉబ్బి నిలబడింది.
కళ్ళకి ఆనలేదు. వేళ్ళతో చదివాను:
జాబెజ్ ట్రెంబాత్. గనిలో బండ కూలి.
వయసు ఉండాల్సిన చోట
పెచ్చు ఊడిపోయింది.

"ఇరవై రెండు" అంది వెనక నుంచి ఒక గొంతు.
లియోటా. ముప్పయ్యేళ్ళు ఈ లోయలో టపా పంచిన మనిషి.
ఒక చేతిలో గునపం, ఇంకో చేతిలో ముళ్ళేసిన దారం.
"కొండ జారుతోందండీ.
ఏడాదికి బొటనవేలి మందం.
మంచు కరగ్గానే వచ్చి కొలుస్తాను.
పై వరస ఇప్పటికి పదడుగులు నడిచింది
ఊరి వైపు."

ఎప్పటికి చేరతారని అడిగాను.
"బారు దాకానా? లెక్కేశాను. ఇరవై వేల ఏళ్ళు.
అప్పటికి కట్టేస్తారు లెండి."
నవ్వలేదు.
ఒరిగిన రాయి కింద గునపం పెట్టి
నన్ను చూసింది. పట్టాను.
ఇద్దరం కలిసి ఒక దొంగనో, దొరనో
కాస్త నిటారుగా కూర్చోబెట్టాం.

మూడు పాలరాతి గొర్రెపిల్లలు,
వాడిన సబ్బుబిళ్ళల్లా అరిగి, చెవుల్లేకుండా.
ఎజ్రా. మినర్వా. మూడోది ఉత్త "పాప".
మూడింటికీ ఒకటే జనవరి.
నేనేమీ అడగలేదు.
ఆమె గోటితో పిట్టరెట్ట గీకి
చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది.

కంచె బయట గుంటలు, వరసగా,
మంచం తీసేసిన గదుల్లా.
"చైనా వాళ్ళవి.
కొన్నేళ్ళకోసారి వాళ్ళ సంఘం మనిషొచ్చేవాడట.
ఎముకలు తవ్వి, కడిగి, వేలెముకలతో సహా లెక్కపెట్టి
రేకు పెట్టెల్లో ఓడెక్కించేవాడు.
ఈ కొండ మీంచి ఇంటికెళ్ళింది
వాళ్ళొక్కళ్ళే."

ఇరవై మూడు గుంటలు లెక్కపెట్టాను.
ఇరవై నాలుగోది గుంట కాదు, దిబ్బ.
"యీ ఫూక్. బట్టలుతికేవాడు.
జాబితాలో పేరు తప్పు పడిందో, అసలు పడనే లేదో.
టపాలో ఇలాంటివి చాలా చూశాను,
అడ్రసు చాలక
అరలో ఉండిపోయేవి."
వంగి
ఆ దిబ్బ మీదా దారం పరిచింది.
అదీ జారుతోంది.
సముద్రం వైపు కాదు.

దిగొచ్చేసరికి టైరు సిద్ధం.
ఆర్విల్ మేకు నా అరచేతిలో పెట్టాడు.
నాలుగు పలకలది, కమ్మరి కొట్టినది,
తుప్పులోనూ బరువుంది.
"ఇక్కడి నేలింతే. చలికాలం వెళ్తే చాలు
ఏదో ఒకటి పైకి నెడుతుంది.
తలుపుదో, లాడానిదో,
పెట్టెదో."
చేతులు తుడుచుకుంటూ అడిగాడు:
"మా తాతని చూశారా? గేటు నుంచి నాలుగోది."

చూడలేదు.
చూశానన్నాను.

పద్దెనిమిది డాలర్ల బిల్లు.
మేకుకి ఏమీ వేయలేదు.