మూలం లేదు

రాత్రి పదకొండున్నర. యూసుఫ్‌గూడ సందులో
నీళ్ళ ట్యాంకరు వెనక్కి వెళ్తున్న చప్పుడు.
'వాటాల ఇల్లు' పేజీ తెరిచి
నటీనటుల జాబితా చివర ఒక చుక్క పెట్టాను.
చుక్క పక్కన మా అమ్మ పేరు రాశాను.
అండాలు – ఫోటోలో ఎడమ నుంచి రెండో మనిషి.

పొద్దున్నకల్లా తీసేశారు.
'పాతరీలు' అనే పేరుతో తిరిగే ఒకాయన,
ఆయనో ఆవిడో, మర్యాదగానే రాశారు:
"మూలం లేదు. ఉంటే చేర్చగలరు."

నాకు కోపం రాలేదు. వచ్చే హక్కూ లేదు.
అమీర్‌పేటలో నా కొలువే అది.
ఆసుపత్రి బిల్లులు తిరగేసి
జతచేయవలసిన కాగితం జతచేయలేదని
రోజుకు నలభై మందికి చెప్పడం.

మూలం ఏముంది?
కృష్ణానగర్‌లో తెల్లారుజామున
ఏజెంటు వేలితో తలలు లెక్కపెట్టుకుని
వ్యాను ఎక్కించేవాడు. పేర్లు అడిగేవాడు కాదు.
పట్టుచీర ఉన్నవాళ్ళకి పది రూపాయలు ఎక్కువ.
ఫాల్ కుట్టమని జానీబేగం దగ్గరికొచ్చిన చీర
ఒక్క పూటకి అమ్మ ఒంటి మీదికొచ్చింది.
ఎవరి చీరో ఇప్పటికీ తెలీదు.

పేజీలో కథ ఇలా ఉంటుంది:
నలుగురు అన్నదమ్ములు, ఒక ఇల్లు, నడిమింట్లో గోడ.
చివరికి గోడ పగలగొట్టి
"కుటుంబ సభ్యులు పదకొండు మందీ కలిసి
ఫోటో దిగడంతో కథ సుఖాంతమవుతుంది."

అమ్మ అక్కడే ఉంది.
పెద్దకోడలికీ మూడోవాడికీ మధ్య
సందు వెలితిగా కనబడుతోందని
దర్శకుడు కేకేస్తే చేతికందిన మనిషి.
ఒట్టి చేతులేం బాగుంటాయని
ఎవరిదో పసిపిల్లని ఎత్తుకోమన్నారు.

ఆ పిల్ల నేను కాదు.
నాకప్పుడు ఆరేళ్ళు. ఒళ్ళు కాలిపోతుంటే
జానీబేగం కుట్టుమిషను పక్కన చాప మీద
ఆమె పాదాలు ఆడటం చూస్తూ పడుకున్నాను.

సినిమా రిలీజైనప్పుడు
క్రాస్‌రోడ్స్‌లో ముందు వరసలో కూర్చున్నాం.
ఫోటో దగ్గరికొచ్చేసరికి జనం లేచారు,
చెప్పులు వెతుక్కుంటూ.
నాకు కనబడింది ఎవరిదో చొక్కా వీపు.

మొన్న ఆదివారం ల్యాప్‌టాప్‌లో పెట్టి
సరిగ్గా అక్కడ ఆపాను.
అమ్మ కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది.
తనని తాను చూసుకోలేదు.
"గా పోరి ఒక్కతీరుగ ఏడ్సింది, లైట్ల ఏడికి.
వాళ్ళమ్మను గేటు అవతల్నే ఆపిన్రు.
నా ఏలు సప్పరిచ్చినంకనే గమ్మునున్నది.
పేరు గూడ అడగకపోతి."
కాసేపాగి అంది:
"నువ్వు ఇంట్ల గట్ల పడి ఉంటివి.
నవ్వుమన్నరు. నవ్విన."

ఆపిన తెరలో నిజంగానే
అమ్మ చూపుడువేలు లేదు.

"నా పేరు ఉంటేంది లేకుంటేంది,
గా పిల్ల పేరు దొరుకుతదా?"

ఆ పిల్లకిప్పుడు ముప్పై ఉంటాయి.
ఈ ఊళ్ళోనే ఏ మెట్రోలోనో
నా పక్కనే నిలబడి ఫోను చూసుకుంటూ,
తనకో సినిమా కుటుంబం ఉందని తెలియకుండా
నాకంటే ముందు స్టేషన్లో దిగిపోయి ఉంటుంది.
లేదా, మా క్లెయిముల కుప్పలో
ఏదో ఒక కాగితం తక్కువైన పేరు అదేనేమో.

ఆ రాత్రి మళ్ళీ పేజీ తెరిచాను.
జాబితా జోలికి పోలేదు.
కథలో ఆఖరి వాక్యం తుడిచి తిరగరాశాను.
పదకొండు ఉన్నచోట పదమూడు.
ఎందుకు మార్చారో చెప్పమనే గడిలో
"లెక్కపెట్టాను" అన్నాను.

పాతరీలు వచ్చి చూసినట్టున్నారు.
లెక్క అలాగే ఉంచారు.
తొందరలో నేను 'కుటుబ' అని కొట్టిన చోట
సున్న పెట్టి వెళ్ళారు.